సింగపూర్‌కు పునాది వేసిన కంపెనీ గుమాస్తా

ప్రపంచంలోని అతి పెద్ద రేవు పట్టణాలలో ఒకటిగా పేరుగాంచిన సింగపూర్ చరిత్రలో ఒక విచిత్రమున్నది. ఆ నగర స్థాపకుడుగా ప్రసిద్ధికెక్కిన సర్ థామస్ స్టాంఫర్డ్ రాఫెల్స్ ఆ దీవిపై గడిపిన మొత్తం కాలం పది నెలలకు మించదు. అక్కడ రేవు నెలకొల్పినందుకు కంపెనీ యజమానుల నుంచి ఆయనకు మెప్పు దక్కలేదు, అసంతృప్తే ఎదురైంది. మరణానికి మూడు నెలల ముందు ఆయన చేతికి అందినది 22 వేల పౌండ్లకు పైగా బాకీ చెల్లించవలసిందన్న తాఖీదు.

నాటి సింగపూర్ పరిపాలన సాగినది లండన్ నుంచి కాదు, కలకత్తా నుంచి. రేవు స్థాపనకు అనుమతి ఇచ్చినది భారత గవర్నర్ జనరల్. తొలి రోజున ఒడ్డున కాపలా కాసినవారు బెంగాల్ సిపాయిలు. 1867లో బ్రిటిష్ ప్రభుత్వం నేరుగా స్వాధీనం చేసుకునే వరకు ఆ దీవి దాదాపు అర్ధ శతాబ్దంపాటు బ్రిటిష్ ఇండియా చరిత్రలో భాగంగానే ఉన్నది.

ఓడలో జననం, పేదరికంలో బాల్యం

రాఫెల్స్ 1781 జులై 6న జమైకా తీరానికి సమీపంలో, సముద్రం మీద జన్మించాడు. తండ్రి బెంజమిన్ రాఫెల్స్ వెస్టిండీస్ వ్యాపారంలో తిరిగే ఓడకు కెప్టెన్. కుటుంబం అప్పులలో కూరుకుపోవడంతో బాలుని చదువు మధ్యలోనే ఆగిపోయింది. 1795లో, పద్నాలుగో ఏట, లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయంలో ఆయన గుమాస్తాగా చేరాడు. పగలంతా దస్తావేజులకు నకళ్లు వ్రాస్తూ, రాత్రివేళ భాషలు, ప్రకృతి శాస్త్రం సొంతంగా అభ్యసించాడు. పదేళ్లు అదే బల్ల వద్ద పనిచేశాడు.

1805లో ఆయన దశ తిరిగింది. మలయా తీరంలోని పెనాంగ్ దీవిలో కంపెనీ కొత్తగా ఏర్పాటు చేస్తున్న ప్రభుత్వానికి ఆయనను సహాయ కార్యదర్శిగా నియమించారు. ఏడాదికి 70 పౌండ్లున్న జీతం ఒక్కసారిగా 1,500 పౌండ్లకు పెరిగింది. అదే సంవత్సరం మద్రాసులో కంపెనీ వైద్యుడుగా పనిచేసి మరణించిన ఒక అధికారి భార్య ఒలీవియాను వివాహమాడాడు. పెనాంగ్‌కు వెళ్లే ఓడలోనే మలయ్ భాష నేర్చుకోవడం ప్రారంభించాడు. అక్కడి ఆంగ్ల అధికారులలో ఆ భాష బాగా తెలిసినవారు బహు కొద్దిమంది. ఆ పరిజ్ఞానమే రాఫెల్స్ ఉన్నతికి నిచ్చెన అయింది.

మలక్కా కోటను, పట్టణాన్ని పాడుబెట్టి జనాన్ని పెనాంగ్‌కు తరలించాలని కంపెనీ ఆ రోజులలో సంకల్పించింది. తరతరాలుగా అక్కడ స్థిరపడిన ప్రజలు పట్టణం విడిచి రారని, ఆ స్థలం శత్రువుల చేతిలో పడితే నష్టం కంపెనీదేనని వివరిస్తూ రాఫెల్స్ 1808లో ఒక నివేదిక సమర్పించాడు. ఆ నివేదిక కలకత్తాలో గవర్నర్ జనరల్ లార్డ్ మింటో దృష్టికి వచ్చింది. 1810లో రాఫెల్స్ కలకత్తా వెళ్లి మింటోను కలుసుకొని, నెపోలియన్ అధీనంలోకి పోయిన డచ్చివారి జావా ద్వీపాన్ని జయించవచ్చునని నచ్చజెప్పాడు.

జావాలో ఐదేళ్లు

1811లో మింటో స్వయంగా దండయాత్రతో బయలుదేరాడు. సుమారు 12 వేల మంది సైనికులలో దాదాపు సగం మంది భారతీయ సిపాయిలు. ఆగస్టు 26న బటావియా సమీపంలోని కార్నెలిస్ కోట పట్టుబడింది. సెప్టెంబరులో డచ్చి గవర్నర్ లొంగిపోయాడు. లక్షలాది ప్రజలున్న జావాకు ముప్పై ఏళ్ల రాఫెల్స్ లెఫ్టినెంట్ గవర్నర్ అయినాడు.

ఈ దండయాత్రకు ప్రధాన ఇంజనీరుగా వెళ్లినవాడు తెలుగువారికి చిరపరిచితుడు. ఏలూరుకు చెందిన కావలి సోదరుల సహాయంతో ఆంధ్ర దేశంలోని గ్రామ చరిత్రలను కైఫీయతుల రూపంలో సేకరింపజేసిన కర్నల్ కాలిన్ మెకెంజీయే ఆయన. మెకెంజీ 1813 వరకు జావాలో ఉండి భూముల హక్కుల పరిశీలనకు నియమించిన సంఘానికి నాయకత్వం వహించాడు. ఆ పరిశీలన ఆధారంగా రాఫెల్స్ నిర్బంధ పంటల విధానం స్థానంలో భూమి శిస్తు పద్ధతిని ప్రవేశపెట్టాడు. రైతును బలవంతపు చాకిరీ నుంచి విముక్తి చేయడమే తన ఉద్దేశమని ఆయన చాటుకున్నా, సరైన సర్వే లేకుండానే నిర్ణయించిన నగదు శిస్తు అనేక చోట్ల రైతులకు భారమైంది.

రాఫెల్స్ పేరుకు మాయని మచ్చ తెచ్చిన ఘటన 1812 జూన్‌లో జరిగింది. జోగ్యకర్త సుల్తాను కంపెనీ అధికారాన్ని ధిక్కరిస్తున్నాడన్న కారణంతో ఆంగ్ల సేనలు ఆ రాజప్రాసాదాన్ని ముట్టడించి కొల్లగొట్టాయి. ధనరాశులు సైనికాధికారులు పంచుకున్నారు. రాజ గ్రంథాలయంలోని తాళపత్రాలు, వ్రాతప్రతులు రాఫెల్స్, మెకెంజీ, జాన్ క్రాఫర్డ్‌ల స్వాధీనమై, కాలక్రమాన అధిక భాగం ఇంగ్లండు చేరాయి. ఆ గ్రంథాలలో 75 వ్రాతప్రతుల డిజిటల్ ప్రతులను బ్రిటిష్ లైబ్రరీ 2019లో జోగ్యకర్త సుల్తానుకు అందజేసింది. అసలు ప్రతులు మాత్రం లండన్‌లోనే ఉన్నాయి.

జావా చరిత్రను వ్రాసినవాడు, శిథిలమై చెట్ల మాటున పడివున్న బోరోబుదూరు బౌద్ధ స్తూపాన్ని 1814లో శుభ్రం చేయించినవాడు కూడా ఈ రాఫెల్సే. ఒకే మనిషిలో విద్యాభిరుచి, సామ్రాజ్య దాహం ఈ విధంగా కలిసి నడిచాయి.

1814 నవంబరులో భార్య ఒలీవియా మరణించింది. జావా పాలన కంపెనీకి లాభాలు తేలేదు. సహచర సైనికాధికారి జనరల్ గిలెస్పీ అవినీతి ఆరోపణలు చేశాడు. ఆరోపణలు నిలబడకపోయినా రాఫెల్స్‌ను పదవి నుంచి తప్పించారు. యూరప్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం 1816లో జావా మళ్లీ డచ్చివారి పరమైంది. ఇంగ్లండు చేరిన రాఫెల్స్ 1817లో రెండు సంపుటాలుగా జావా చరిత్ర ప్రచురించాడు. అదే సంవత్సరం సోఫియా హల్‌ను వివాహమాడాడు. సర్ బిరుదు పొందాడు. 1818 మార్చిలో సుమత్రా పడమటి తీరంలోని బెంకూలెన్‌కు పాలకుడుగా వెళ్లాడు. మిరియాల వ్యాపారం కుంటుబడిన ఆ మారుమూల స్థావరం నిజానికి ఆయనకు దేశాంతరవాసం వంటిదే.

రేవు కోసం అన్వేషణ

భారతదేశం నుంచి చైనాకు పోయే ఓడలకు రెండే దారులు. ఒకటి మలక్కా జలసంధి, రెండవది సుందా జలసంధి. జావా తిరిగి చేజిక్కడంతో సుందా జలసంధి డచ్చివారి గుప్పిటిలో పడింది. 1818లో మలక్కా కూడా వారికి దక్కింది. పెనాంగ్ జలసంధికి ఉత్తరాన చాలా దూరంలో ఉన్నది. ఇక ఆంగ్ల ఓడలు డచ్చివారు విధించే సుంకాలకు, ఆంక్షలకు తలవంచవలసిందేనని రాఫెల్స్ వాదించాడు. 1818 చివర కలకత్తా వెళ్లి గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్‌ను ఒప్పించాడు. జలసంధి దక్షిణపు ముఖద్వారంలో స్థావరం వెదకవచ్చును, డచ్చివారితో తగవు మాత్రం తెచ్చుకోరాదు అన్నది షరతు.

మలక్కాలో చిరకాలం రెసిడెంటుగా పనిచేసిన మేజర్ విలియం ఫార్కర్ ఆయనతో కలిశాడు. తొలుత కరిమున్ దీవులను పరిశీలించి, అనుకూలం కాదని విడిచిపెట్టారు. 1819 జనవరి 28న వారి ఓడలు సింగపూర్ తీరాన లంగరు వేశాయి. నది ముఖద్వారం వద్ద జోహోర్ రాజ్యానికి చెందిన తెమెంగ్గాంగ్ అబ్దుల్ రహమాన్ నివాసముండేవాడు. అప్పటికి దీవి జనాభా సుమారు వేయి మంది. పడవలపై జీవించే సముద్ర తెగలవారు, కొద్దిమంది మలయులు, తోటలు పెంచే కొద్దిమంది చైనీయులు.

జోహోర్ సింహాసనం అప్పుడు వివాదంలో ఉన్నది. సుల్తాన్ మహమూద్ మరణించినప్పుడు పెద్ద కుమారుడు హుసేన్ వివాహం నిమిత్తం పహాంగ్ వెళ్లి ఉండగా, బూగీ నాయకులు చిన్న కుమారుని గద్దెనెక్కించారు. డచ్చివారు ఆ చిన్న కుమారునే సుల్తానుగా గుర్తించారు. రాఫెల్స్ ఈ కుటుంబ కలహాన్ని అందిపుచ్చుకొని, హుసేన్‌ను రహస్యంగా పిలిపించి సుల్తానుగా ప్రకటించాడు. ఫిబ్రవరి 6న ఒప్పందంపై సంతకాలు జరిగాయి. రేవు ఏర్పాటుకు అనుమతి ఇచ్చినందుకు ఏడాదికి సుల్తానుకు 5 వేల స్పానిష్ డాలర్లు, తెమెంగ్గాంగ్‌కు 3 వేల డాలర్లు చెల్లించాలని నిర్ణయించారు. మరునాడే రాఫెల్స్ ఓడ ఎక్కాడు. సిపాయిలతో, కొద్దిపాటి డబ్బుతో ఫార్కర్ వెనుక మిగిలాడు.

డచ్చివారు తీవ్రంగా నిరసించారు. పెనాంగ్ గవర్నర్ బానర్‌మన్ అదనపు సైన్యం పంపేందుకు తొలుత నిరాకరించాడు. లండన్‌లోని డైరెక్టర్లు ఆగ్రహించారు. అయితే ఉత్తరాలు ఓడల మీద నెలల తరబడి ప్రయాణించే రోజులవి. లండన్, హేగ్, కలకత్తా, బటావియాల నడుమ లేఖలు తిరుగుతూ ఉండగానే రేవు నిండిపోయింది. దానిని వదులుకోవడానికి ఎవరికీ మనసు ఒప్పలేదు.

పన్ను లేని రేవు, గుత్తల ఆదాయం

ఈ విజయానికి మూలం ఒకే ఒక్క నిర్ణయం. దిగుమతులపైన, ఎగుమతులపైన సుంకం లేదు. చైనా జంకు ఓడలు పట్టు, తేయాకు తెచ్చాయి. సెలెబిస్ దీవి నుంచి బూగీ వర్తకులు సుగంధ ద్రవ్యాలు, సముద్ర ఉత్పత్తులు తెచ్చారు. భారతదేశం నుంచి నూలు గుడ్డలు, నల్లమందు వచ్చాయి. కోరమాండల్ తీరపు చూలియా వర్తకులు, అరబ్బులు, ఆర్మీనియన్లు, యూదులు, పార్శీలు ఒకరి వెనుక ఒకరు చేరారు. మలయులు దక్షిణ భారతీయులను పిలిచిన క్లింగ్ అన్న మాట కళింగ దేశ నామం నుంచి పుట్టినదేనన్నది ప్రబలమైన అభిప్రాయం. ఆ తీరంతో ఈ దీవులకున్న వర్తక సంబంధం కంపెనీ కన్న శతాబ్దాలు పాతది.

1819 మే నెలలో రాఫెల్స్ రెండవ పర్యాయం వచ్చినప్పుడు ఆయన వెంట పెనాంగ్ నుంచి నారాయణ పిళ్లై అనే తమిళుడు వచ్చాడు. ఇటుకల బట్టీ, బట్టల వ్యాపారం నడిపిన ఈయన చొరవతోనే 1827లో మరియమ్మన్ ఆలయం వెలసింది. దానికి కూతవేటు దూరంలోనే చూలియా ముస్లింల మసీదు ఉన్నది. రెండూ చైనీయులు నివసించే పేటలోనే ఉండడం విశేషం.

1824 జనవరిలో జరిగిన తొలి జనాభా లెక్కలలో మొత్తం 10,683 మంది తేలారు. అందులో మలయులు 4,580, చైనీయులు 3,317, బూగీలు 1,925, భారతీయులు 756, యూరోపియన్లు 74, ఆర్మీనియన్లు 16, అరబ్బులు 15 మంది. ఐదేళ్లలో జనాభా పది రెట్లయింది.

సుంకం లేని రేవుకు పోలీసులు, రోడ్లు, జీతాలకు డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నకు సమాధానం వెదికినవాడు ఫార్కర్. ఆయన నల్లమందు, సారా అమ్మకాలను, జూదశాలలను వేలంపాటలో గుత్తకు ఇచ్చాడు. బానిసల క్రయవిక్రయాలను కూడా చూసీచూడనట్లు ఊరుకున్నాడు. ఆ ఆదాయంతోనే పట్టణం నిలిచింది.

సహచరుల మధ్య వైరం

ఈ మధ్య కాలంలో రాఫెల్స్ ఇంట విషాదం అలముకున్నది. 1821 మధ్య నుంచి 1822 జనవరి లోగా బెంకూలెన్‌లో ఆయన ముగ్గురు బిడ్డలు ఒకరి తరువాత ఒకరు రోగాల పాలై మరణించారు. మిగిలిన ఒక్క కుమార్తెను ఇంగ్లండుకు పంపివేశారు. 1823లో జన్మించిన మరో పసికందు కూడా దక్కలేదు. ఆయనను స్వయంగా తీవ్రమైన తలనొప్పులు పీడించసాగాయి.

ఈ స్థితిలో 1822 అక్టోబరులో ఆయన మూడవసారి, చివరిసారిగా, సింగపూర్ వచ్చాడు. ఎనిమిది నెలలలో పట్టణ స్వరూపాన్ని సమూలంగా మార్చాడు. ఒక గుట్టను తవ్వించి ఆ మట్టితో నది పక్క చిత్తడి నేలను పూడ్పించి వర్తక కూడలి ఏర్పరచాడు. లెఫ్టినెంట్ జాక్సన్ చేత పట్టణ పటం తయారుచేయించి, చైనీయులకు, చూలియాలకు, బూగీలకు, అరబ్బులకు, యూరోపియన్లకు వేరువేరు పేటలు కేటాయించాడు. ప్రతి దుకాణం ముందు ఐదడుగుల వెడల్పున బాటసారులు నడిచేందుకు నీడగల వసారా విడిచిపెట్టాలని ఆదేశించాడు. ఆ వసారాలు పాత పేటలలో నేటికీ కనిపిస్తాయి. 1823లో జూదశాలలను నిషేధించాడు. రేవు స్థాపన తరువాత దీవికి వచ్చిన ఎవరినీ బానిసగా ఉంచరాదని ఉత్తరువు చేశాడు. మలయ్, చైనా భాషలు బోధించే విద్యాసంస్థకు జూన్ 5న శంకుస్థాపన చేశాడు.

ఈ సంస్కరణల వేడిలో ఫార్కర్‌తో మైత్రి చెడింది. తన ఆజ్ఞలను పాటించలేదని, ప్రభుత్వానికి కేటాయించిన స్థలాలను వర్తకులకు ఇచ్చాడని, గుత్తలు నడిపాడని ఆరోపించి రాఫెల్స్ 1823 మేలో ఆయనను పదవి నుంచి తొలగించాడు. నాలుగేళ్లకు పైగా పట్టణాన్ని కంటికి రెప్పలా కాపాడిన ఫార్కర్ మలయులకు, చైనీయులకు ఎంతో ఇష్టుడు. ఆయన ఓడ ఎక్కిన రోజున వీడ్కోలు చెప్పేందుకు జనం తండోపతండాలుగా వచ్చినట్లు, రాఫెల్స్ వద్ద లేఖకుడుగా పనిచేసిన మున్షీ అబ్దుల్లా తన ఆత్మకథలో నమోదు చేశాడు. ఇంతకూ, రాఫెల్స్ వెళ్లిపోయిన తరువాత కొత్త రెసిడెంటు క్రాఫర్డ్ జూదపు గుత్తలను మళ్లీ తెరిపించాడు. ఖర్చులకు వేరే దారి కనిపించలేదు. నల్లమందు గుత్త అయితే తరువాత శతాబ్దమంతా ఆ ప్రభుత్వ ఖజానాకు ముఖ్యమైన ఆధారంగా నిలిచింది.

అగ్నికి ఆహుతి

1824 ఫిబ్రవరి 2న రాఫెల్స్ దంపతులు ఫేమ్ అనే ఓడలో బెంకూలెన్ నుంచి స్వదేశానికి బయలుదేరారు. ఆ రాత్రే ఓడ అంటుకున్నది. ప్రాణాలు దక్కాయి. ఇరవై ఏళ్లుగా సేకరించిన వ్రాతప్రతులు, పటాలు, చిత్రాలు, వృక్ష జంతు నమూనాలు, సజీవంగా తీసుకుపోతున్న జంతువులు సర్వం దగ్ధమయ్యాయి. ఒక్క రాత్రిలో ఆయన శాస్త్ర కృషి అంతా బూడిదయింది.

మరుసటి నెల మార్చి 17న లండన్‌లో కుదిరిన ఆంగ్ల డచ్చి ఒప్పందం ప్రకారం బెంకూలెన్ డచ్చివారికి, మలక్కా ఆంగ్లేయులకు దక్కాయి. సింగపూర్‌పై డచ్చివారు అభ్యంతరం విరమించుకున్నారు. ఆగస్టులో క్రాఫర్డ్ సుల్తానుతో మరొక ఒప్పందం చేసుకున్నాడు. సుల్తానుకు 33,200 డాలర్లు, నెలకు 1,300 డాలర్ల చొప్పున భరణం. తెమెంగ్గాంగ్‌కు 26,800 డాలర్లు, నెలకు 700 డాలర్లు. బదులుగా దీవి శాశ్వతంగా కంపెనీ సొత్తయింది. కేవలం రేవు పెట్టుకోవడానికి ఇచ్చిన అనుమతి ఐదున్నర ఏళ్లలో సర్వహక్కుల బదిలీగా పరిణమించింది. బిరుదు నిలుపుకున్న సుల్తానుకు రాజ్యం మిగలలేదు.

ఇంగ్లండులో రాఫెల్స్ లండన్ జంతుశాస్త్ర సంఘం స్థాపనకు పూనుకొని, 1826లో దాని తొలి అధ్యక్షుడైనాడు. ఆ ఏప్రిల్‌లోనే కంపెనీ తాఖీదు వచ్చింది. పాత ఖర్చులు, జీతభత్యాల లెక్కలలో ఆయన 22 వేల పౌండ్లకు పైగా తిరిగి చెల్లించాలన్నారు. పింఛను కోరిన మనిషికి లభించినది బాకీ చీటీ. జులై 5 తెల్లవారుజామున, నలభై ఐదో పుట్టిన రోజుకు ఒక్కరోజు ముందు, ఇంటి మెట్ల వద్ద ఆయన నిర్జీవంగా పడివుండగా కనుగొన్నారు. మెదడులో రక్తస్రావం కారణమని తేలింది. భార్య సోఫియా కంపెనీకి 10 వేల పౌండ్లు చెల్లించి లెక్క పరిష్కరించుకున్నది. 1830లో భర్త జీవిత చరిత్ర ప్రచురించింది. అందులో ఫార్కర్ పాత్ర నామమాత్రం.

రెండు సమాధులు, ఒక విగ్రహం

ఫార్కర్ తానే స్థాపకుడనని కంపెనీకి మహజరు పెట్టుకున్నాడు. కంపెనీ తోసిపుచ్చింది. 1839లో స్కాట్లండులోని పెర్త్‌లో ఆయన మరణించాడు. సింగపూర్‌ను ఆయనే స్థాపించినట్లు అక్కడి సమాధి ఫలకంపై చెక్కి ఉన్నది. హెండన్ చర్చిలో రాఫెల్స్ సమాధి ఎక్కడున్నదీ 1914 వరకు ఎవరికీ తెలియలేదు. ఊరు మాత్రం రాఫెల్స్ పేరునే నిలుపుకున్నది. వీధులు, విద్యాసంస్థలు, హోటలు, చివరకు సుమత్రా అడవుల్లోని అతిపెద్ద పుష్పం సైతం ఆయన పేరుతోనే ఉన్నాయి.

ఆ నగరానికి రాళ్లెత్తిన కూలీల పేర్లు ఏ ఫలకంపైనా లేవు. 1825 నుంచి బెంకూలెన్ మీదుగా, ఆపైన నేరుగా మద్రాసు, బెంగాల్, బొంబాయిల నుంచి తరలించిన భారతీయ ఖైదీలు అక్కడ రోడ్లు వేశారు, చిత్తడి నేలలు పూడ్చారు. సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్ కట్టినది కూడా వారే.

1965లో స్వతంత్ర దేశమైన సింగపూర్ ఈ వలస పాలకుని విగ్రహాన్ని తొలగించలేదు. విదేశీ పెట్టుబడిదారులకు భరోసా కలగాలంటే దానిని ఉంచడం మంచిదని, అంతకు కొన్నేళ్ల ముందే డచ్చి ఆర్థికవేత్త ఆల్బర్ట్ విన్సేమియస్ సలహా ఇచ్చాడు. ఒకనాడు డచ్చివారిని ఎదిరించి నెలకొల్పిన రేవులో రాఫెల్స్ విగ్రహాన్ని కాపాడినది ఒక డచ్చి జాతీయుని మాట కావడం కాకతాళీయం. మరోవంక 1984 నుంచి జరిగిన తవ్వకాలలో 14వ శతాబ్దం నాటి తెమాసెక్ రేవు ఆనవాళ్లు బయల్పడి, రాఫెల్స్ రాకకు ఐదు వందల ఏళ్ల ముందే అక్కడ వర్తకం వర్ధిల్లినట్లు రుజువైంది.

రేవు స్థాపనకు రెండు వందల ఏళ్లు నిండిన 2019 జనవరిలో, నది ఒడ్డున ఉన్న రాఫెల్స్ విగ్రహానికి వెనుక భవనంలో కలిసిపోయి కనిపించకుండా పోయేలా రంగులు వేశారు. కొద్ది రోజుల తరువాత రంగు తొలగించి, ఆ పక్కనే మరో నాలుగు విగ్రహాలు నిలిపారు. తెమాసెక్ స్థాపకుడుగా మలయ్ గాథలు చెప్పే రాకుమారుడు సాంగ్ నీల ఉత్తమ, చైనా వర్తకుడు తాన్ తాక్ సెంగ్, మున్షీ అబ్దుల్లా, ఇటుకల బట్టీ నడిపిన నారాయణ పిళ్లై ఆ నలుగురు. రెండు శతాబ్దాలుగా ఒంటరిగా చెప్పుకున్న పేరు పక్కన ఆ విధంగా ఆ ఊరివారి పేర్లు కూడా చేరాయి.